అధ్యక్షుల కుర్చీ మీది తువ్వాలు

నేను ఒక తెల్ల తువ్వాలును. ఒళ్ళు తుడుచుకునే గుడ్డనని చులకన చేయకండి, మండల పరిషత్ అధ్యక్షుల కుర్చీ వీపు మీద దర్జాగా వేలాడినదాన్ని. మన దేశంలో కుర్చీకి గౌరవం కర్రను బట్టి రాదు, పైన కప్పిన తువ్వాలును బట్టి వస్తుంది. అదెందుకో నన్ను నేసిన షోలాపూరు మరమగ్గానికీ తెలియదు, నాకూ తెలియదు.

కొత్త అధ్యక్షుడు వస్తే కొత్త తువ్వాలు వేయడం ఆ ఆఫీసు ఆచారం. నన్ను కొన్నది చలమయ్యగారి కోసం. ఆయన పాలెం కాలనీకి మంచినీళ్ళ ట్యాంకు కట్టించారు, కాగితం మీద. సగం బిల్లు మింగారు. ఒక్కడే మింగితే అరగదని సభ్యులందరికీ తలా ఒక ముద్ద పెట్టారు. దారి తప్పిన అధ్యక్షుణ్ణి గడువు తీరేదాకా భరించనక్కర్లేదు, అవిశ్వాసం పెట్టి మధ్యలోనే దింపవచ్చని చట్టం చెబుతుందట. చలమయ్యగారు ఉన్నన్నాళ్ళూ ఆ సంగతి ఏ ఒక్కరికీ గుర్తు రాలేదు.

తర్వాతి ఎన్నికల్లో పాత సభ్యుల్లో చాలామంది మళ్ళీ గెలిచారు, అధ్యక్షురాలిగా మాత్రం రిజర్వేషన్‌లో సువార్తమ్మ వచ్చింది. అదే పాలెం కాలనీ మనిషి, నిన్నమొన్నటిదాకా మిరపకోతలకు వెళ్ళింది. ఆమె వచ్చిన రోజున మాత్రం ఆచారాన్ని అందరూ మరిచిపోయారు. చలమయ్యగారి తలనూనె మరకలతో నేనే కుర్చీ మీద ఉన్నాను.

"ఇదేంది మస్తానూ, ఇంత కంపు కొడతంది?" అని అటెండరును అడిగింది.

ఆమె నన్ను ఇంటికి తీసుకుపోయింది. బిందెడు నీళ్ళకు పొలాలకు అడ్డంపడి నడిచే ఆ కాలనీలో, నా ఒక్కదాని కోసం రెండు బిందెలు ఒలకబోసి ఉతికింది. సిగ్గుతో చచ్చిపోయాను.

మిగిలిన సగం బిల్లు పట్టుకుని ఉపాధ్యక్షుడు శోభనాద్రి వచ్చారు.

"ఆ ట్యాంకు యాడుందండీ? మా ఇంటెనకే కట్టామంటన్నారు, నాకు కనబళ్ళా."

"అయన్నీ నీకెందుకమ్మా? సంతకం పెట్టు, మిగతాది మేం చూసుకుంటాం."

"కట్టినాక పెడతా."

కొత్త అధ్యక్షుల మీద అవిశ్వాసం పెట్టకూడని కాలం ముగిసిన మర్నాడే నోటీసు వచ్చింది. చట్టం అందరికీ ఒక్కసారే గుర్తొచ్చింది. గంప కింద కోళ్ళను మూసినట్టు శోభనాద్రి సభ్యులను బస్సెక్కించి సముద్రం ఒడ్డు రిసార్టులో మూశారు. ఓటింగు రోజున బస్సు తిన్నగా ఆఫీసు ముందు ఆగింది. ఎండకు ముక్కులు కమిలి, అందరూ ఒకేరకం చొక్కాలతో దిగారు. వాళ్ళలో పాలెం కాలనీ ఏసోబు కూడా ఉన్నాడు. అతని ఇంట్లోనూ బిందె ఖాళీయే.

ఆ రోజు సభ నడిపే ఆర్డీవోగారు నాకు ఆనుకుని కూర్చున్నారు. చేతులు ఎత్తమన్నారు. ఏసోబు కూడా తలొంచుకుని ఎత్తాడు.

సువార్తమ్మ లేచి నిలబడింది. "ఏసోబూ, నేనేం తప్పు చేశానో ఒక్కటి చెప్పరా. నేనే దిగిపోతా."

"నాకేం తెలవదక్కా. ఎత్తమన్నారు, ఎత్తా."

తప్పేమిటని అడగవలసిన సభ చేతులు లెక్కపెట్టుకుని లేచిపోయింది. దొంగ కోసం చేసిన బేడీలను దొంగలే పట్టుకొచ్చి, కాపలా కాసిన మనిషికి తొడిగారు. నాకు చేతులు లేవు. ఉంటే ఏం చేసేదాన్నో, ఆ సభను చూశాక చెప్పలేను.

మళ్ళీ ఎన్నిక జరిగేదాకా ఇన్‌ఛార్జి అధ్యక్షుడైన శోభనాద్రి కుర్చీ దగ్గరికి వచ్చి ఆగారు. "ముందా తువ్వాలు తీసి అవతల పారెయ్ మస్తానూ." చలమయ్యగారి నూనె మరకలతో ఉన్నప్పుడు రాని మైల, సువార్తమ్మ ఉతికాక వచ్చింది. ఆచారమూ తిరిగి వచ్చింది. కుర్చీకి కొత్త తువ్వాలు కప్పారు. దానికి ఆనుకుని ఆయన పెట్టిన మొదటి సంతకం ఆ బిల్లు మీదే.

మస్తాన్‌కు పారేయబుద్ధి కాక నన్ను గుమ్మం ముందు కాళ్ళు తుడుచుకునే పట్టాగా వేశాడు. శోభనాద్రి రోజూ నా మీద చెప్పులు రుద్ది లోపలికి వెళతారు.

నిన్న సువార్తమ్మ వచ్చింది, వెనక కాలనీ ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో. ఆమె నన్ను గుర్తుపట్టింది. కాసేపు చూసి, తొక్కకుండా పక్కనుంచి గడప దాటబోయింది.

"కాళ్ళు తుడుచుకుని రావమ్మా, నేలంతా మట్టవుద్ది" అని లోపలి నుంచి శోభనాద్రి కేకేశారు.

సువార్తమ్మ గడప మీదే ఆగింది.

"నీళ్ళియ్యండి, కడుక్కునే వస్తాం."