డొల్ల పలికిన కప్పు

మా కాలనీ ఆడవాళ్లు ఈత కొలను కావాలని అడిగిన రోజు నర్సింగం నవ్వాడు. నర్సింగం మా వార్డు నాయకుడు. క్లబ్బు మెట్ల మీద నిలబడి, అందరికీ వినబడేటట్టు అన్నాడు.

"బొగ్గుబాయి పిలగాండ్లకు ఈత కొలనెందుకే? నీళ్లల్ల పడితే తెల్లగైతరా?"

నా కోడలు రమ ముందుకు వచ్చింది. ఆమెది పెద్ద గొంతు కాదు. కానీ ఆగే గొంతు కాదు.

"తెల్లగయ్యేటందుకు కాదు నర్సింగన్నా, తేలేటందుకు. గుంతల మునిగినోన్ని ఎట్ల బయటికి తీసిండ్రో పోశం కాకను అడుగు పో."

ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. పోశం నా దోస్తు. కిందటి ఎండాకాలం అతని మనవడు పాత ఇటుకబట్టీ గుంతలో ఈతకు దిగి పైకి రాలేదు. గోదావరిఖని ఎండలకు పిల్లలు నీళ్లు ఎక్కడ కనబడితే అక్కడ దూకుతారు. వద్దంటే ఆగరు. నా ఈడువాళ్లూ ఆగినవాళ్లు కాదు.

కాలనీ వెనుక సిమెంటు తొట్టి ఒకటి ఎప్పటినుంచో ఉంది. పైన కప్పు లేదు. ఎండాకాలం నీళ్లు చాయ్ లాగా కాగేవి. సాయంత్రానికి బొగ్గు దుమ్ము మీగడలాగా తేలేది. దాన్నే కొలనుగా మార్చి, చుట్టూ గోడలు లేపి స్లాబు వేయాలంటే అయ్యే ఖర్చు విని ప్రతిసారీ అందరూ లేచి వెళ్లిపోయేవారు. ఈసారి రమ వాళ్లు ఎక్కడో విచారించి వీర్రాజును తీసుకొచ్చారు. అతనిది కాకినాడ వైపు. గోడలు లేకుండా, స్లాబు లేకుండా, దళసరి తెల్లబట్టను ఇనుప స్తంభాల మీద పరిచి, చుట్టూ ఉక్కు తాళ్లతో గుంజి కడతాడు. పక్కా కట్టడానికి అయ్యేదాంట్లో పావువంతు కూడా కాలేదు. రిటైరైన మేమంతా, మహిళా సంఘం వాళ్లంతా తలా ఒక చేయి వేశాం.

కప్పు లేచిన రోజు నేను లోపలికి వెళ్లి చాలాసేపు పైకి చూశాను. బయట నిప్పులు కురుస్తున్నాయి. లోపల చల్లటి తెల్ల వెలుగు, ఒక్క బల్బు లేకుండా. నేను బతుకంతా కప్పు కిందనే పనిచేసినవాడిని. నాకు కప్పంటే చీకటి. వెలుగు కారే కప్పును నేను అంతవరకు చూడలేదు. అందుకే నమ్మబుద్ధి కాలేదు.

బొగ్గుబాయిలో, అంటే గనిలో, నా పని ఏమిటో చెప్పాలి. షిఫ్టు జనం లోపలికి పోయే ముందు నేను పోవాలి. కర్రతో పైకప్పును తట్టాలి. రాయి కంగుమంటే మంచి కప్పు. డొల్లగా, డోలులాగా పలికితే లోపల పొర వీడిందని అర్థం. అప్పుడు "డొల్ల" అని ఒక్క మాట అంటే చాలు. ఎవరూ ఎందుకని అడగరు. తట్టా పార వదిలేసి ఉరుకుతారు. అడుగుతూ నిలబడ్డవాడు ఇంటికి రాడు.

కొలను తెరిచిన రోజు పిల్లలంతా నీళ్లలో ఉన్నారు. నా మనవరాలు సంతోషి గట్టు పట్టుకుని కాళ్లు కొట్టడం నేర్చుకుంటోంది. ఒక మూల కప్పు కిందికి వంగి, చేతికి అందేంత దగ్గరికి వస్తుంది. పాత అలవాటు ఊరుకోదు. కర్ర ఎత్తి తట్టాను.

ఢుబ్ మంది.

ఇంకోచోట తట్టాను. మళ్లీ అదే. పక్కనున్న రిటైరైన కార్మికులంతా మాటలు ఆపి నా మొహం చూశారు.

"డొల్ల," అన్నాను.

అంతే. తల్లులు తడి పిల్లలను జబ్బలు పట్టి లాక్కుపోయారు. చెప్పులు ఎక్కడివక్కడ ఉండిపోయాయి. అందరికంటే ముందు బయటపడింది నర్సింగం.

వీర్రాజు ఒక్కడే లోపల మిగిలాడు. "బాబాయ్ గారూ, అది అలాగే మోగాలండి. బిగిసింది కాబట్టే మోగుతోందండి," అంటూ నా వెంట వచ్చాడు.

"నువ్వు బట్ట కట్టేటోనివి బిడ్డా. కప్పు సంగతి నాకు చెప్పకు," అన్నాను.

కాలనీలో నా మాటకు ఎదురులేదు. కొలను మూతపడింది.

తరవాతి వారం నర్సింగం కొత్త మాట పట్టుకొచ్చాడు. తొట్టిని మొరం మట్టితో పూడ్చి, బండలు పరిచి, రేకులు వేసి ఫంక్షన్ హాలు కడతారట. కిరాయికి ఇస్తారట. ఎవరైనా అడ్డం మాట్లాడితే ఒకటే జవాబు. "మొగిలి కాకనే అన్నడు, కప్పు మంచిగ లేదని. ఆయన్ని మించినోడున్నడా?"

రమ నాతో మాట్లాడటం మానేసింది. అన్నం పెట్టేది, కంచం తీసేది.

ఒక మధ్యాహ్నం సంతోషి ఇంటికి వచ్చింది. జడలు తడిసి ఉన్నాయి. గోళ్లలో ఎర్రమట్టి. ఆ మట్టి ఎక్కడిదో నాకు తెలుసు. పోశం మనవడిని గుంతలోంచి తీసి పడుకోబెట్టినప్పుడు వాడి గోళ్లలో కూడా అదే మట్టి.

"యాడికి పోయినవ్?"

"గుంతకు." తల దించలేదు.

"భయం లేదా నీకు? మునిగితే?"

"ఈత రాకుంటే మునుగుత. నేర్చుకునే జాగ నువ్వే మూయించినవ్ గదా తాతా. నువ్వు కొలను మూసినవ్, నేను ఈత మూయలే."

కొట్టడానికి చేయి లేచింది. ఆ చేయి ఏం చేయాలో తెలియక నా తలకే వచ్చి ఆగింది. నేను లేచి పోశం ఇంటికి నడిచాను.

పోశం డప్పు కొడతాడు. ఆ సాయంత్రం పక్క కాలనీలో పెళ్లి ఉంది. వాకిట్లో గడ్డి మంట వేసి డప్పు కాస్తున్నాడు. మనవడు పోయినప్పటి నుంచి నీళ్లున్న వైపు రావడం లేదు. అందుకే కొలను తెరిచిన రోజు కూడా రాలేదు. నేను కూర్చుని చూస్తున్నాను. కాచకముందు తట్టాడు. తప్ అని చచ్చిన చప్పుడు. మంట చుట్టూ తిప్పాడు, మళ్లీ తట్టాడు. కొలను కప్పులాగే ఢుబ్ మంది.

"ఏందన్నా, పీనుగ లెక్క కూసున్నవ్?" అన్నాడు.

"పోశం, ఇంకోసారి కొట్టు."

కొట్టాడు.

"కాచకముందు ఎందుకు పలకలే?"

"సడలి ఉండె గనుక. గింతది తెల్వదా నీకు? తోలు బిగిస్తెనే పలుకుతది." నా వైపు తిరిగాడు. "ఏమైంది? సక్కగ చెప్పు."

చెప్పాను. కర్ర, ఢుబ్ మన్న చప్పుడు, అన్నీ. పోశం నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"రాయి గట్ల పలికితే బాయిల ఉరుకుతం. నా డప్పు గట్ల పలకకుంటే పెండ్లోళ్లు నన్ను ఉరికిస్తరు. నువ్వు తోలును పట్టుకొని రాయి అన్నవ్ మొగిలన్నా." డప్పు పక్కన పెట్టి లేచాడు. "నడువు, సూద్దాం."

"నీళ్లకాడికి వస్తవా?"

"కప్పుకాడికి వస్త. నీళ్లకాడికి కాదు."

వీర్రాజు సామాను సర్దుకుంటున్నాడు. కప్పు ఎందుకట్లా పలుకుతుందో చూపించమని నేనే అడిగాను. అతను మూలలో ఉన్న బిగింపు మరను నాలుగు చుట్లు వదిలాడు. బట్ట వేలాడింది. తట్టాను. చప్పుడే లేదు.

"ఇదండీ ప్రమాదం. ఇలా వేలాడితే వాన నీళ్లు నిలుస్తాయండి, గాలికి కొట్టుకుని చిరుగుద్దండి. మీ బాయిలో కప్పు బరువు మోస్తుంది. ఇది లాగుడు మీద నిలబడుద్దండి."

మళ్లీ బిగించాడు. పోశం వేళ్లతో తట్టి, బట్టకు చెవి ఆనించాడు.

"మంచిగ కాగింది," అన్నాడు.

తెల్లారి నర్సింగం మొరం నింపిన ట్రాక్టరుతో వచ్చాడు. చేతిలో పెద్ద తాళం. కాలనీ అంతా గుమికూడింది. ట్రాక్టరు ముందు రమ నిలబడి ఉంది, సంతోషి చేయి పట్టుకుని. నర్సింగం నన్ను చూసి ధైర్యంగా చేయి ఊపాడు.

"రా కాకా. నువ్వే చెప్పు జర, ఆడోళ్లు ఇంటలేరు."

నేను మూలకు వెళ్లి కర్ర ఎత్తి తట్టాను. ఢుబ్ మంది. జనం ఒక్క అడుగు వెనక్కి వేశారు.

"ఇన్నరా? డొల్లనే పలుకుతున్నది. గట్లనే పలకాలె. నేను ఆనాడు చెప్పింది తప్పు."

నా నోట ఆ మాట వాళ్లు ఎన్నడూ వినలేదు. నేనూ వినలేదు.

నర్సింగం మొహం మారింది. "మాట మారుస్తవా కాకా? పెద్దమనిషివి. రేపు పిలగాండ్ల మీద పడితే ఎవలు జవాబు?"

"నేనే. రాయికి చెప్పే మాట బట్టకు చెప్పిన. అందుకే మారుస్తున్న. మార్చకుంటే పిలగాండ్లు గుంతల పడి సస్తరు. ఆ జవాబు నువ్విస్తవా?"

"ఏ, జరుగుండ్రి. డ్రైవర్, బండి పోనియ్యి."

బాయిలో ఒక రివాజు ఉంది. కప్పు మంచిగుందని చెప్పినవాడు నోటితో చెప్పి ఊరుకోకూడదు. ముందు తనే దాని కింద నిలబడాలి. తరవాతనే మిగతావాళ్లు వస్తారు. అక్కడున్న ముసలివాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. నేను కర్రను గట్టు మీద పెట్టాను. అంగీ విప్పాను. లుంగీ పైకి కట్టి కొలను మెట్లు దిగాను.

నాకు ఈత రాదు. గోదావరి పక్కన పుట్టి కూడా రాదు. నీళ్లు మోకాళ్లకు, నడుముకు, ఛాతీకి వచ్చాయి. ఊపిరి ఆడలేదు. అయినా కొలను నడుమ నిలబడ్డాను, నెత్తిమీద ఆ తెల్ల కప్పుతో.

"నర్సింగం," అని పిలిచాను. "మొరం పొయ్యి. నా మీద నుంచే పొయ్యి."

డ్రైవరు బండి ఆపేసి నర్సింగం వైపు చూశాడు.

"గీ ముసలోనికి పిచ్చి లేసింది," అన్నాడు నర్సింగం. "ఎవలన్న బయటికి గుంజుండ్రి."

మెట్ల మీద చప్పుడైంది. పోశం. గట్టు మీద కూర్చుని, కళ్లు మూసుకుని, ఒక కాలు నీళ్లలో పెట్టాడు. రెండో కాలు పెట్టాడు.

"నీళ్లకాడికి రానన్నవ్?"

"నోరు మూసుకో అన్నా. పట్టుకో నన్ను."

పట్టుకున్నాను. అతని తరవాత మా షిఫ్టువాళ్లు ఒక్కొక్కరే అంగీలు విప్పారు. పొట్టలు, ఎముకలు, బొగ్గు గీరిన నీలి మచ్చలు. ఒకరి మీద ఒకరు నీళ్లు చల్లుకుని తిట్టుకున్నారు. ఆడవాళ్లు ట్రాక్టరు చుట్టూ కూర్చున్నారు. రమ నా అంగీ తీసి మడత పెట్టి చంకలో పెట్టుకుంది.

సంతోషి దూకి, కాళ్లు కొట్టుకుంటూ నా దగ్గరికి వచ్చింది. నా నడుము కింద చెయ్యి పెట్టింది.

"తాతా, కాళ్లు లేపు."

"లేపితే మునుగుత గదనే."

"నేనున్న. పైకి సూడు. కప్పును సూడు."

గట్టు మీద నర్సింగం ఇంకా నిలబడే ఉన్నాడు, తాళం చేతిలో. నేను కప్పును చూస్తూ కాళ్లు లేపాను.