పదకొండో దీవికి దారి

కర్టెన్ల దుకాణంలో ఆమెను అందరూ టేపమ్మ అనేవారు. కొలత టేపు ఎప్పుడూ మెడలోనే వేలాడుతుండేది. ఇంటికొచ్చి ముఖం కడుక్కునేటప్పుడు గాని దాని సంగతి గుర్తొచ్చేది కాదు. ఇళ్లకు వెళ్లి కిటికీలు కొలవడం, దుకాణానికి వచ్చి గుడ్డ కత్తిరించడం ఆమె పని. ఇంట్లో ఉండేది ముగ్గురు. భర్త దూరప్రయాణాల బస్సు నడుపుతాడు, వారంలో మూడు రోజులు ఇంట్లో ఉంటే ఎక్కువ. మామగారు వాచీలు బాగుచేస్తారు. ముందు గదిలో కిటికీ పక్కన బల్ల వేసుకుని, కంటికి భూతద్దం తగిలించుకుని కూర్చున్నారంటే భోజనానికి రెండుసార్లు పిలవాల్సిందే.

ఆట ఆ ఇంటికి అనుకోకుండా వచ్చింది. భర్త తనతో పనిచేసే డ్రైవరు దగ్గర్నుంచి పాత కంప్యూటరు ఒకటి తీసుకొచ్చాడు. అందులో ‘ఇరవై మూడు దీవులు’ అనే ఆట ఉండిపోయింది. తుపాకులు లేవు, తరుముకోవడాలు లేవు. చిన్న పడవ వేసుకుని దీవి నుంచి దీవికి ఉత్తరాలు చేరవేయాలి, అంతే. ఆమె సాయంత్రం పని నుంచి వచ్చి అరగంట ఆడేది. పది దీవులు నల్లేరు మీద నడకలా సాగిపోయాయి. పదకొండోది కొరకరాని కొయ్య అయింది. దాని చుట్టూ నీళ్లలో మునిగిన రాళ్లు. ఒక్కటి తగిలినా పడవ బోల్తా, ఉత్తరాలన్నీ నీళ్లపాలు.

పందొమ్మిది రోజులు పడవ మునిగింది. ఇరవయ్యో రోజు ఒడ్డుకు చేరింది. తిరిగిన ప్రతి మలుపునూ ఆమె కిటికీల కొలతలు రాసుకునే పుస్తకంలో రాసుకుంటూ వచ్చింది కాబట్టే చేరింది.

“ఈ పందొమ్మిది రోజుల తిప్పలు ఇంకెవరూ పడకూడదండీ,” అంది భర్తతో.

“నీకు తప్ప ఇంకెవరికైనా ఆ దీవి మీద పని ఉందంటావా?” అన్నాడతను తువ్వాలుతో తల తుడుచుకుంటూ.

ఉందో లేదో చూద్దామని ఆమె వెబ్‌సైటు మొదలుపెట్టింది. ఉచితంగా పేజీలు పెట్టుకోనిచ్చే చోటు ఒకటి వెతికి పట్టుకుంది. మొదటి వారమంతా తెలుగు అక్షరాలు డబ్బాల్లా కనిపించాయి. రెండో వారం అక్షరాలు కుదిరాయి గాని శీర్షిక పేజీ అడుగుకు జారిపోయి అక్కడే భీష్మించుకు కూర్చుంది. చివరికి అన్నీ దారికొచ్చాక, గుడ్డ కత్తిరింపుకు వాడే గోధుమరంగు కాగితం మీద దీవుల పటాలు గీసి, ఫొటోలు తీసి పెట్టింది. నెలాఖరుకు వచ్చినవాళ్ల లెక్క పదకొండు చూపించింది. అందులో తొమ్మిదిసార్లు వచ్చింది తనే.

మూడో నెలలో ఎవరో ‘గొడుగు’ అనే పేరుతో రాశారు: “ఏడో దీవి పటంలో ఉత్తరం వైపు రేవు మర్చిపోయారు.” ఆమె వెళ్లి చూసింది. నిజమే. సరిచేసి, కింద ‘గొడుగు గారికి కృతజ్ఞతలు’ అని పెట్టింది. ఆ ఒక్క వాక్యం పుణ్యమా అని గొడుగు గారు మరో నలుగురిని వెంటబెట్టుకొచ్చారు. ఏడాది తిరిగేసరికి రోజుకు రెండు వందల మంది వస్తున్నారు. ఆట చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఆడేవాళ్లకు ఈ సైటే దిక్కయింది. దుకాణంలో టీ తాగేటప్పుడు ఫోనులో వాళ్ల ప్రశ్నలు చదువుకుని ఆమె తనలో తనే నవ్వుకునేది.

అలాంటప్పుడే ‘నత్త’ అనే పేరుతో ఒక ఉత్తరం వచ్చింది.

“మీ పటాలు చాలా బాగుంటాయని అందరూ అంటున్నారు. నాకు పుట్టుకతోనే చూపు లేదు. పేజీని నా ఫోను చదివి వినిపిస్తుంది. మీ సైటు మొత్తం చదివించుకున్నాను. పటం వచ్చినప్పుడల్లా అది ‘బొమ్మ’ అని ఊరుకుంది. ఇరవై మూడుసార్లు ‘బొమ్మ’ అంది. ఈ ఆట నేను చెవులతోనే ఆడతాను. ప్రతి రేవుకీ ఒక గంట ఉంది, రాళ్ల దగ్గర అల చప్పుడు మారుతుంది. పదో దీవి దాకా వెళ్లాను. వీలైతే పదకొండోది మాటల్లో రాసిపెడతారా? పనిలో పడి కుదరకపోతే ఏమీ అనుకోను.”

ఆమె ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివింది. ఏడాదిగా ఆడుతోంది గాని ఆటలో గంటలున్నాయన్న సంగతే ఆమెకు తెలియదు. మొదటి నుంచీ శబ్దం కట్టేసి ఆడింది, మామగారికి ఇబ్బందని.

ఆ ఆదివారం మధ్యాహ్నం శబ్దం పెట్టి, కళ్లు మూసుకుని కూర్చుంది. పడవ కదలగానే రాయికి కొట్టుకుంది. మళ్లీ కొట్టుకుంది. ఆరోసారి బల్ల దగ్గర నుంచి మామగారు తల ఎత్తకుండానే అన్నారు:

“ఆ గంట ఇందాకటిది కాదమ్మా. ఇది కాస్త బీటలు వారిన గంట.”

“మీకు తేడా తెలుస్తోందా మావయ్యా?”

“నలభై ఏళ్లుగా టిక్కుటిక్కు వింటున్నాను. ఆ మాత్రం తెలియదా?”

భూతద్దం తీసి పక్కన పెట్టి, కుర్చీ లాక్కుని ఆమె పక్కకొచ్చి కూర్చున్నారు. అప్పటిదాకా ఆ ఇంట్లో మామాకోడళ్ల మాటలు భోజనం, మందులు, కరెంటు బిల్లు దాటి పోలేదు. గొడవలేం లేవు. ఇద్దరూ తక్కువ మాట్లాడే మనుషులు, అంతే. ఆ ఆదివారం మాత్రం చీకటి పడే వేళకు ఇద్దరూ ఒక అల చప్పుడు గురించి వాదించుకుంటున్నారు. అది ‘చప్’ అంటోందని ఆమె. కాదు, ‘చళ్’ అంటోందని ఆయన.

‘బీటల గంట ఎడమ చెవిలోకి వచ్చేదాకా నేరుగా వెళ్లండి. అల చళ్‌మంటే ఆగండి. కుడికి తిరిగి పన్నెండు తెడ్లు వేయండి.’ ఇలా మొదలైంది పదకొండో దీవి మాటల పేజీ. నత్త నాలుగు రోజుల్లో జవాబు రాసింది: “దిగాను. ఉత్తరం ఇచ్చాను. ఆఫీసులో అందరికీ చెప్పాను, ఎవరికీ అర్థం కాలేదు.”

తరువాత ప్రతి ఆదివారం ఒక దీవి. కొత్త పేజీ రాయగానే దాన్ని పరీక్షించే పని మామగారిది. కర్టెన్ గుడ్డ పీలిక ఒకటి కళ్లకు కట్టుకుని, కోడలు చదువుతుంటే ఆయన పడవ నడిపేవారు. పదిహేనో దీవి నాడు ఒక్క దెబ్బ తగలకుండా రేవు చేర్చారు.

“ఇక గంతలు విప్పి ఒకసారి ఆడండి మావయ్యా. పటం కూడా సరిపోయిందో లేదో చూద్దాం,” అందామె.

ఆయన విప్పారు. పడవ రెండు బారలు వెళ్లి రాయికి కొట్టుకుంది. మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ కొట్టుకుంది. తెర మీద ఎడమ పక్కన అంత పెద్ద రాయి ఉంటే సరాసరి దాని మీదికే పోనిచ్చారు. ఆయన నెమ్మదిగా గుడ్డ పీలిక చేతిలోకి తీసుకున్నారు.

“దీంతోనే నయం,” అన్నారు.

వారం క్రితం ఆయన తలుపు అంచుకు భుజం కొట్టుకోవడం, మంచినీళ్ల గ్లాసు రెండుసార్లు పడేయడం ఒక్కసారిగా ఆమె కళ్ల ముందుకొచ్చాయి. అప్పుడు పెద్దతనం అనుకుని తుడిచేసి ఊరుకుంది.

“మావయ్యా, ఎడమ పక్కన మీకేం కనపడుతోంది?”

ఆయన పీలికను మడతపెట్టి బల్ల మీద పెట్టారు.

“నడిమధ్య బాగానే ఉందమ్మా. వాచీలో వెంట్రుకంత స్ప్రింగు కూడా కనపడుతుంది. చుట్టూరా ఉన్నదే దగ్గరికి మూసుకొస్తోంది.”

కిటికీలు కొలిచే మనిషి కదా, ఆమెకు అడగడానికి ఆ మాటే వచ్చింది. “ఇంకా ఎంత కిటికీ ఉంది?”

ఆయన అరచెయ్యి ముఖానికి మూరెడు దూరంలో పెట్టి చూపించారు. “ఈ చెయ్యంత.”

“ఎన్నాళ్ల నుంచి?”

“రెండేళ్లు. మా నాన్నకీ ఇలాగే అయ్యింది.” గొంతు తగ్గించారు. “మీ ఆయనతో అనకు. వాడు బస్సు నడిపేవాడు. ఇది మా వంశంలో ఉందని నలుగురికీ తెలిస్తే వాణ్ని స్టీరింగు ముట్టుకోనిస్తారా? వాడికి వచ్చే పని అదొక్కటే.”

కోపం రావలసిన చోట ఆమెకు ఏడుపొచ్చింది. రెండేళ్లుగా ఈ మనిషి కొడుకు ఉద్యోగాన్ని తన చూపు పణంగా పెట్టి కాపాడుకుంటున్నాడు, ఎవరికీ చెప్పకుండా. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని అంది:

“ఆయన వెనకాల నలభై మంది కూర్చుంటారు మావయ్యా. ఆయనకీ ఉందేమో చూపించుకోవాలి. లేకపోతే మంచిదే. ఉంటే ఇప్పుడే తెలియాలి. దాచిపెడితే మాత్రం ఆగుతుందా?”

మరునాడు మధ్యాహ్నం భర్త వచ్చాక ఆమే చెప్పింది. అతను తండ్రి ఎదురుగా నేల మీద కూర్చుండిపోయాడు. “నాన్నా, నన్ను అడిగి దాచావా?” అన్నాడు చివరికి. ఆయన తల అడ్డంగా ఊపారు.

కళ్లాసుపత్రిలో ఆయన్ని ఒక గిన్నెలాంటి మిషను ముందు కూర్చోబెట్టి, వెలుగుచుక్క కనపడినప్పుడల్లా బటను నొక్కమన్నారు. ఆయన నాలుగుసార్లు నొక్కి ఆగి, “ఇది చెడిపోయినట్టుంది, లోపల చూడనా?” అని అడిగారు. నర్సు నవ్వబోయి ఆగిపోయింది. మిషను బాగానే పనిచేస్తోంది. కంట్లో ఒత్తిడి పెరిగిందనీ, పోయిన చూపు తిరిగిరాదనీ, రోజూ చుక్కలు వేసుకుంటే ఉన్నదాన్ని నిలుపుకోవచ్చనీ డాక్టరమ్మ చెప్పింది. తరువాత కొడుకు కూర్చున్నాడు. అతను బటను నొక్కుతున్న చప్పుడు బయటి బల్ల మీదికి వినిపిస్తోంది. తండ్రి తల వంచి ఒక్కొక్కటీ లెక్కపెడుతున్నారు. చప్పుడు ఎక్కడా ఆగలేదు.

“మీకేం లేదు. ఏడాదికోసారి రండి,” అంది డాక్టరమ్మ. మామగారు ఆ మాట విని కోడలి చెయ్యి పట్టుకున్నారు. ఇంటికొచ్చేదాకా వదల్లేదు.

మూడు వారాలు సైటులో కొత్తగా ఏమీ రాలేదు. ‘గొడుగు’ రెండుసార్లు అడిగారు. ఆమె రెండు వాక్యాల్లో సంగతి రాసింది. ఆ రోజే నత్త తన నంబరు పంపింది: “మావయ్యగారికి ఫోనును మాట్లాడించడం నేను నేర్పిస్తాను. నేను ఆసుపత్రి టెలిఫోను బల్ల దగ్గర పనిచేస్తాను, నాకు ఓపిక చాలా ఎక్కువ.”

ఆ ఓపిక అంతా ఖర్చయింది. “ఈ పిల్ల నన్ను నిద్రపోనిచ్చేలా లేదు,” అని విసుక్కుంటూనే ఆయన రోజూ రాత్రి పదింటికి ఫోను కోసం ఎదురుచూసేవారు. “గట్టిగా నొక్కకండి తాతగారూ, అది వాచీ కాదు,” అని అవతలి నుంచి నత్త చెప్పడం వంటింట్లోకి వినిపించేది. వాచీలు మానలేదు గాని రోజుకు ఒకటికి తగ్గించుకున్నారు.

పదహారో దీవి పేజీ మొత్తం ఆయనే చేశారు. నోటితో చెబుతుంటే ఫోను రాసుకుంది. కోడలు దుకాణంలో ఉండగానే సైటులోకి ఎక్కించేశారు కూడా. సాయంత్రం ఇంటికొచ్చి ఆమె తెరిచి చూసింది. ఆయన ‘రాయి’ అన్న ప్రతిచోటా ఫోను ‘రాణి’ అని రాసుకుంది.

‘పెద్ద రాణికి తగలకుండా కుడికి తిరగండి. వెనకాల ఇంకో చిన్న రాణి ఉంది. దాన్ని నమ్మకండి.’

కింద అప్పటికే పద్నాలుగు మంది రాశారు. పెద్ద రాణి దగ్గర మునిగానని ఒకరు, చిన్న రాణి మరీ కోపిష్టిదని ఇంకొకరు.

“ఏమ్మా, తప్పులున్నాయా?” అడిగారాయన, కుర్చీ అంచు మీద కూర్చుని.

“ఒక్కటుంది మావయ్యా,” అంది. రాణులున్న వాక్యాలు చదివి వినిపించింది.

“ఉండనీ,” అన్నారు. “రాయి అంటే ఎవరు భయపడతారు?”

ఆమె దిద్దకుండానే వదిలేసింది. పదిహేడో దీవి కోసం ఆయన అప్పటికే కుర్చీ ముందుకు జరుపుకుంటున్నారు.