చెయ్యి తడి లేకుండా రండి

నేను ఒక వెట్ గ్రైండర్‌ని. బల్ల మీద కూర్చునే రకం. చాక్లెట్ ప్రదర్శన చూడటం ఎలాగో చెప్పడానికి ఇదెవరమ్మా అని మూతి విరవకండి. విజయవాడలో అలాంటి ప్రదర్శనలో మూడు రోజులు గిరగిరా తిరిగినదాన్ని. మీలో ఎంతమంది అంత తిరిగారు?

పుట్టింది కోయంబత్తూరులో. చేరింది ఏలూరు దగ్గర కొబ్బరితోటలో ఉన్న ఇంటికి. ఆ ఇంటి పెద్దావిడ సూరాయమ్మ నాలో దోసెల పిండి, గారెల పిండి రుబ్బుకునేది. రాళ్ళు తిరుగుతుంటే అరచేత్తో నీళ్ళు చిలకరించడం ఆవిడకు ఊపిరి తీసుకున్నంత అలవాటు. కొబ్బరిచెట్ల మధ్య వేసిన కోకో కాపుకొచ్చాక, కోడలు హేమలత వేయించిన కోకో గింజలు నాలో పోసి చాక్లెట్ చేయడం నేర్చుకుంది. రెండు రోజులు తిప్పితే గాని ఆ గింజ నున్నగా నలగదు. "నా గ్రైండర్‌ని మట్టిరంగు చేసిపెట్టింది" అని సూరాయమ్మ అలిగింది. కోపం కోడలి మీద, ముఖం తిప్పుకున్నది నా దగ్గర. మనుషుల లెక్కలు అలాగే ఉంటాయి.

అయినా ప్రదర్శనకు తోడు వచ్చింది. హైదరాబాదులో మిఠాయి దుకాణాలున్న కృపానందం గారు చివరిరోజు సాయంత్రం అందరి చాక్లెట్లూ రుచి చూసి, ఒక్కరివి మాత్రం తన దుకాణాల్లో పెడతారట. ఆయన కాదంటే ఈ పని మానేసి నన్ను అత్తగారికి తిరిగిచ్చేస్తానని హేమలత ఇంట్లో మాటిచ్చి వచ్చింది. 

మీరు వెళ్తే పొద్దున్నే వెళ్ళండి. మధ్యాహ్నం దాటితే జనం తోపులాట, రుచి చూపించేవాళ్ళకు చిరాకు. బిర్యానీ తిని కిళ్ళీ నములుతూ రాకండి. ముందు చేదువి, తర్వాత తీపివి. తిరగేశారంటే ఎంత మంచి చాక్లెట్ అయినా మందుబిళ్ళలా ఉంటుంది. కరకరా నమిలేయక నాలుక మీద కరగనివ్వండి. మధ్యమధ్య రెండు గుక్కల గోరువెచ్చని నీళ్ళు తాగండి. కొనడం చివర్లో పెట్టుకోండి. ఎండలో కారులో వదిలేస్తే మీ ఇంటికి చేరేది పాకమే. ఇక నా దగ్గరికి వచ్చేటప్పుడు చెయ్యి తడి లేకుండా రండి. రుబ్బుతున్న చాక్లెట్‌లో కాసిని నీళ్ళు పడ్డాయంటే అంతా ముద్దకట్టిపోతుంది.

ఆ సంగతి సూరాయమ్మకు తెలియదు. మొదటిరోజు కోడలు అన్నానికి వెళ్ళింది. నాలో చాక్లెట్ చిక్కగా, బరువుగా తిరుగుతోంది. చూసి చూసి ఆవిడకు నా మీద జాలి పుట్టింది. అలక మరిచి, గ్లాసులో నీళ్ళు అరచేతిలో పోసుకుని చిలకరించింది. ఆ ప్రేమకు నేను కరిగాను గాని, చాక్లెట్ గడ్డకట్టింది. రాళ్ళు మూలిగి ఆగిపోయాయి.

"అయ్య బాబోయ్, నీళ్ళు పోసేరా అత్తయ్యా?" హేమలత పరుగెత్తుకొచ్చింది.

"చెయ్యి ఊరుకోలేదే అమ్మాయ్... పాపం, తిరగలేకపోతందని..."

హేమలతకు గట్టి మాటే నోటిదాకా వచ్చింది. నేను భయపడ్డాను. ఇన్నాళ్ళ కసి తీర్చుకోవడానికి అంతకంటే మంచి అదను దొరకదు. కానీ అత్తగారు తడి చేతిని చీర చెంగుతో అదేపనిగా తుడుచుకుంటోంది. అది చూసి మాట మింగేసింది.

"పోనీండి. పాలు కాచుకొస్తాను, ఈ ముద్ద అందులో కలిపి వచ్చినోళ్ళకి తాగడానికిచ్చేద్దాం. సంచిలో గింజలు ఇంకా ఉన్నాయి. ఇప్పుడే వేస్తే ఎల్లుండికి అందుకుంటామండి."

నన్ను కడిగి, పొడిగుడ్డతో మూలమూలలా తుడిచి మళ్ళీ తిప్పింది. సూరాయమ్మ నా పక్కనే కుర్చీ వేసుకుంది. చాక్లెట్ చిక్కబడినప్పుడల్లా ఆవిడ చెయ్యి లేచేది, రెండో చెయ్యి దాన్ని పట్టుకుని ఒళ్ళో కూర్చోబెట్టేది. ఎవరైనా ఐస్‌క్రీమ్ చేత్తో దగ్గరికొస్తే, "ఆగండాగండి, తుడుచుకుని రండి బాబూ!" అని కేకేసేది.

చివరిరోజు సాయంత్రం కృపానందం గారు ముక్క నోట్లో వేసుకుని చాలాసేపు కళ్ళు మూసుకున్నారు. హేమలత బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

"ఇంత నున్నగా రుబ్బింది ఎవరమ్మా?"

"మా అత్తయ్యగారండి."

"నేనేం చేసేనండీ, చేతులు ముడుచుక్కూచోడం తప్ప!"

"ఆవిడకి అదేనండి అన్నిటికన్నా కష్టం" అంది హేమలత.

ఆయన నవ్వారు. "ఏడాదంతా అలా కూర్చోగలరా పెద్దమ్మగారూ? మా దుకాణాలకు మీ చాక్లెట్ చాలా కావాలి."

 సూరాయమ్మ కోడలి వైపు తిరిగింది.

"దోసెలకి ఇంకోటి కొనుక్కుంటాను గాని, ఇది నువ్వే ఉంచుకోవే."

చాక్లెట్ గడ్డకట్టినప్పుడు ఏడవని హేమలత అప్పుడు ఏడ్చింది.