బల్లకు అటూ ఇటూ

మా తమ్ముడు పోయాక పరామర్శకు వచ్చినవాళ్ళలో సగం మంది కూర్చోగానే నన్ను అడిగిన మాట, "గడ్డం ఎలా ఉన్నాడండీ పాపం?" అని.

గడ్డం అంటే తమ్ముడి స్నేహితుడు. ఒకప్పుడు ఆటల హాళ్ళలో బిళ్ళ వేసి నిలబడి ఆడేవాళ్ళే, ఆ నిలువెత్తు గేమ్ మెషీన్లు ఎక్కడెక్కడో పాడుబడి ఉంటే తెచ్చి బాగుచేయడం వాళ్ళిద్దరి పిచ్చి. తమ్ముడు లిఫ్టు మెకానిక్కు. డ్యూటీ దిగితే తిన్నగా ఆ షెడ్డుకే పోయేవాడు. ఆదివారాలు పూర్తిగా అక్కడే. భోజనానికి మాత్రం నా దగ్గరికి వచ్చేవాడు. అలా వస్తూనే ఒక సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. నిద్రపోతున్నాడనుకుని కండక్టరు చివరి స్టాపు దాకా లేపలేదు.

అమ్మ పోయాక వాణ్ణి పెంచింది నేను. అన్నం కలిపి పెట్టింది, ఎక్కాలు చెప్పింది, గవదబిళ్ళలు వస్తే మెడకు గుడ్డ చుట్టింది నేను. అయినా జనం జాలి మాత్రం నా గుమ్మం మీదుగా గడ్డం దగ్గరికి పోతోంది. "అతను తిండి మానేశాడట." "ఎవరితోనూ మాట్లాడటం లేదట." నాతో మాత్రం, "మీరు గట్టి మనిషి, టీచర్ గారూ" అని లేచి చెప్పులు వేసుకునేవారు. నిజమే, నేను తిండి మానలేదు, బడి మానలేదు. మానేసి ఉంటే బాగుండేదని ఆ రోజుల్లో చాలాసార్లు అనిపించింది.

సరైన మాట వెతుక్కుని రాయమని పిల్లలకు చెబుతుంటాను. నాలో ఉన్నదాన్ని బాధ అని రాస్తే నేనే ఎర్ర సిరాతో కొట్టేయాలి. అది కడుపుమంట. తమ్ముడు పోయాడన్న ఏడుపులో కూడా ఇంకొకడు నాకంటే ముందు నిలబడ్డాడని మంట.

తమ్ముడు ఆఖరిగా చెయ్యి పెట్టిన మెషీను సగంలో ఉందని ఎవరో అన్నారు. అది నా ఇంటికి రావాలి అనుకున్నాను. దాన్ని ఏం చేసుకుంటానో నాకు తెలియదు. ఆ షెడ్డులో మాత్రం ఉండకూడదు.

ఆదివారం మధ్యాహ్నం వెళ్ళాను. అదే మొదటిసారి. నన్ను రమ్మని వాడు ఎప్పుడూ పిలవలేదు. ముందు టైర్ల షాపు, దాని వెనక రేకుల షెడ్డు. లోపల మెషీన్లు వెనక తలుపులు ఊడదీసి, అల్లరి చేసిన పిల్లల్లా గోడవైపు తిరిగి నిలబడి ఉన్నాయి. కరిగిన సీసం వాసన, కొత్త వార్నిషు వాసన. మేకుకు తమ్ముడి నీలం గళ్ళ చొక్కా వేలాడుతోంది. ఆ చొక్కా కోసం నేను బీరువాలో బట్టలన్నీ కిందికి దించి వెతికాను.

"రండి అక్కా," అన్నాడు గడ్డం.

సన్నటి మనిషి. మొహాన గడ్డం లేదు. ఒకసారి సీసం కరిగించే కడ్డీ తగిలి కాలిందట, ఆ రోజు నుంచి నున్నగా గీస్తున్నాడు. పేరు మాత్రం మా తమ్ముడు అప్పుడే పెట్టాడట. నాకు వాడు ముద్దుపేరంటూ ఒక్కటీ పెట్టలేదు.

"టీచర్ అనండి, చాలు," అన్నాను.

"సరే, టీచర్ గారూ." పక్కనున్న స్టూలు లాగబోయి ఆగాడు. దాని మీద నలిగిన దిండు ఉంది. దాన్ని వెనక్కి నెట్టి, నాకు ఒక ప్లాస్టిక్ కుర్చీ వేశాడు.

ఆ స్టూలు ఎవరిదో అడగనక్కర్లేదు. నాకు ఇవ్వలేదు, అంతే.

టైర్ల షాపాయన మూడు గ్లాసుల టీ పట్టుకుని వచ్చాడు. అందరూ ఆయన్ని బాబాయి అంటారు. "గడ్డం, ముందు ఇది తాగు. పొద్దుట్నించి ఏమన్నా కతికావా లేదా?" అని, అప్పుడు మూడో గ్లాసు నాకిచ్చాడు. "ఈవిడెవరు?"

"మేష్టారి అక్కగారు."

"మేష్టారా?" అన్నాను.

"మీ తమ్ముణ్ణి ఇక్కడ అట్లాగే పిలుస్తామమ్మా," అన్నాడు బాబాయి. "ఒక్క తీగ తప్పు కలిపితే చాలు, నిలబెట్టి గంట పాఠం చెప్పేవాడు. నోరు మూస్తే ఒట్టు!"

మా ఇంట్లో వాడు కంచం ముందు కూర్చుని నేను పది మాటలు అడిగితే ఒకదానికి "హూఁ" అనేవాడు.

"వీళ్ళిద్దరూ ఎట్లా ఉండేవాళ్ళనుకున్నారు!" బాబాయి అందుకున్నాడు. "తోడబుట్టినవాళ్ళయినా అట్లా ఉండరు. అయినా తోడబుట్టడంలో ఏముందిలెండి, పుట్టాక తప్పదు కదా. ఇదైతే కోరి కట్టుకున్న ముడి."

"టీలో పంచదార ఎక్కువైంది," అన్నాను.

గడ్డం తల వంచుకుని నవ్వు దాచుకున్నాడు. అదీ నాకు నచ్చలేదు. గ్లాసు కింద పెట్టి వచ్చిన పని చెప్పాను. "వాడు సగంలో వదిలేసింది ఏదో ఉందటగా. అది నేను తీసుకెళ్తాను."

అతను టీ గ్లాసు పక్కన పెట్టాడు. షెడ్డు మధ్యలో ఉన్న బల్ల మీది గుడ్డ తీశాడు. టీ కొట్టులో ఉండే బల్లంత ఉంది. పైన అద్దం, అద్దం కింద టీవీ తెర, అటొక మీట, ఇటొక మీట. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని వంతులవారీగా ఆడేది.

"తీసుకెళ్ళండి. మీ తమ్ముడిది, కాదనను. కాకపోతే బొమ్మ ఇంకా నిలబడటం లేదు. నిలబెట్టి పంపిస్తా."

"ఎప్పటికి?"

"అదే తెలీటం లేదు."

"అంటే ఇవ్వనని మర్యాదగా చెబుతున్నారు."

"అయ్యో, కాదండీ. చూడండి మీరే." స్విచ్చి వేశాడు. తెర మీద చుక్కలు, వాటి మధ్య ఓడలాంటిది ఒకటి, మొత్తం ఆగకుండా కిందికి జారిపోతోంది. అతను బల్ల పక్క పలక తెరిచి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కుడి చెయ్యి లోపల పెట్టాడు. ఎడమ చెయ్యి వెనక్కి తీసుకుని నడుము మీద పెట్టుకున్నాడు.

నా గుండె మండింది. మా తమ్ముడు అచ్చం అలాగే నిలబడేవాడు. ఫ్రిజ్ తెరిచి లోపలికి చూసేటప్పుడు, స్టవ్ వెలిగించేటప్పుడు, ఎడమ చెయ్యి నడుము మీదికి పోయేది. "ఏం దర్జారా!" అని ఎన్నిసార్లో నవ్వాను. ఆ దర్జా ఎక్కడ నేర్చాడో ఇప్పుడు తెలిసింది. నేను పెంచిన పిల్లాడు ఈ మనిషిలా నిలబడ్డాడు. చివరికి వాడి ఒంటి తీరు కూడా ఇతనిదే.

"జరగండి, నేను చూస్తాను," అని వంగి రెండు చేతులూ లోపలికి చాపాను.

"అక్క చెయ్యి!" ఇద్దరూ ఒక్కసారే అరిచారు. గడ్డం నా ఎడమ మణికట్టు పట్టుకుని బయటికి లాగేశాడు.

"ఏమిటిది?" అన్నాను. "ఏ అక్క? ఎవరి చెయ్యి?"

"తిట్టు కాదమ్మా," అన్నాడు బాబాయి. "దీని లోపల కరెంటు మామూలుది కాదు. రెండు చేతులూ పెడితే ఈ చేతిలోంచి ఎక్కి గుండె మీదుగా ఆ చేతిలోంచి దిగుతుందట. అందుకని ఒక చెయ్యి ఎప్పుడూ వెనక్కి పెట్టుకోవాలి. ఆ వెనక చేతికి ఇక్కడ పేరు అక్క చెయ్యి. ఎవడన్నా మర్చిపోతే, 'అక్క చెయ్యి ఎక్కడరా?' అంటాం. ఎందుకలా అంటారో నాకూ తెలీదు."

గడ్డం నా మణికట్టు వదిలేశాడు. నావైపు చూడకుండా చెప్పాడు. "చిన్నప్పుడు వాడు ఇంట్లో రేడియో ఊడదీస్తుంటే, వాళ్ళక్క వెనక కూర్చుని ఎడమ చెయ్యి పట్టుకునేదట. ఒక్క చేత్తోనే విప్పుకోమనేదట. 'మా అక్క అప్పుడే కనిపెట్టింది' అని మొదటి రోజు నా చెయ్యి వెనక్కి విరిచి మరీ నేర్పాడు."

నేను కనిపెట్టింది ఏమీ లేదు. అప్పుడు నాకు పరీక్షలు. ఒక చేత్తో పుస్తకం, ఇంకో చేత్తో వాడి చెయ్యి. వదిలితే వీధిలోకి పరిగెత్తేవాడు. వాడు ఏం విప్పుతున్నాడో నేను చూడను కూడా లేదు. ఆ మాట వాళ్ళకు చెప్పాలా అని ఆలోచించాను. చెప్పలేదు.

"అయితే ఈ నిలబడే తీరు మీరు నేర్పింది కాదా?"

"నేనా?" అప్పుడు అతను నావైపు తిరిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "మీకు చెప్పకూడదు గానీ, టీచర్ గారూ, ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది. పక్కన కూర్చున్నవాణ్ణి నేను. పురుగులు పట్టిన చెక్క గీకినవాణ్ణి నేను. ఏ మెషీన్లో చెయ్యి పెట్టినా మధ్యలో మీరు! అక్క అట్లా అంది, అక్కకి చెప్పాలి, అక్క భోజనానికి చూస్తుంటుంది. సరిగ్గా బొమ్మ నిలబడే టైముకి లేచి పోయేవాడు. మిమ్మల్ని ఒకసారి తీసుకురారా అంటే, 'బల్ల అయ్యాక' అనేవాడు."

"ఈ బల్లా?"

"ఇంకే బల్ల?"

బాబాయి ఖాళీ గ్లాసులు ఒకదానిలో ఒకటి పెట్టుకున్నాడు.

"ఇంతకీ ఎందుకు నిలబడటం లేదు బొమ్మ?" అన్నాను.

"ఈ పక్కన స్క్రూ తిప్పేవాడికి తెర కనపడదు. ఎదురుగా ఒకరు కూర్చుని చెబుతుండాలి."

"నేను కూర్చుంటానంటే కసిరాడమ్మా," అన్నాడు బాబాయి.

"అది వాడి చోటు బాబాయ్."

"అద్దం పెట్టుకోవచ్చుగా?" అన్నాను.

"పెట్టా. మాటిమాటికీ నా మొహమే కనిపిస్తోంది."

అతను మళ్ళీ మోకాళ్ళ మీదికి దిగాడు. ఎడమ చెయ్యి నడుము మీదికి వచ్చింది. నేను సరిగ్గా అతని వెనక ఉన్నాను. అరచెయ్యి తెరిచి ఉంది. చూపుడువేలికి కాలిన మచ్చ. కాసేపు ఆ చేతినే చూశాను, పట్టుకోలేదు. చుట్టూ తిరిగి వెళ్ళి, గోడ దగ్గరున్న దిండు స్టూలు లాక్కుని బల్ల ముందు కూర్చున్నాను.

గడ్డం తలెత్తాడు. స్టూలు వైపు చూశాడు. మళ్ళీ వంగాడు.

"ఎట్లా ఉంది?"

"కిందికి జారుతోంది."

"ఇప్పుడు?"

"ఇంకా జారుతోంది. మెల్లగా."

"ఇప్పుడు?"

"పైకి పోతోంది. వెనక్కి తిప్పండి, కొంచెం. కొంచెం అన్నాను కదా!"

"మేష్టారి అక్కే," అని గొణిగాడు బాబాయి.

"ఇప్పుడు?"

"హూఁ," అన్నాను.

అతని చెయ్యి ఆగిపోయింది. "వాడూ అంతే. చాలు అనేవాడు కాదు."

"అది మా ఇంటిది. నా దగ్గరే నేర్చుకున్నాడు," అన్నాను. అది నిజమో కాదో నాకు తెలియదు. వాడి దగ్గర నేనే నేర్చుకున్నానేమో. అయినా అలాగే అన్నాను.

బొమ్మ కదలకుండా నిలబడింది. చుక్కలు చుక్కల్లా, ఓడ ఓడలా ఉన్నాయి. గడ్డం లేచి చేతులు తుడుచుకున్నాడు, ఆ గళ్ళ చొక్కాతో కాదు, వేరే గుడ్డతో. "రేపు బండి మాట్లాడి మీ ఇంటికి పంపిస్తా," అన్నాడు.

మా ఇంటి ముందుగది గుర్తొచ్చింది. ఈ బల్ల అక్కడ పడుతుంది. ఒక పక్కన నేను కూర్చుంటాను. రెండో పక్కన గోడ.

"ఇక్కడే ఉండనివ్వండి. ఆదివారాలు వస్తాను. ఈ స్టూలు మాత్రం నాది."

"అది వాడిది."

"వాడిది కాబట్టే."

అతను కాసేపు తల గోక్కున్నాడు. తర్వాత ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని ఎదురుగా వేసుకున్నాడు.

"ఒక్క ఆట నన్ను ఆడనిస్తారా?" అన్నాడు బాబాయి.

"వద్దు!" అన్నాం ఇద్దరం.

"బాగుంది మీ వరస," అని ఆయన గ్లాసులు తీసుకుని వెళ్ళిపోయాడు.

ముందు నేను ఆడాను. మీట ఎటు తిప్పాలో తెలిసేలోపే నా ఓడ పేలిపోయింది. వెంటనే తెర మీది బొమ్మంతా గిరుక్కున తిరిగి అతనికి ఎదురైంది. ఎవరి వంతు వస్తే బొమ్మ వాళ్ళవైపు తిరుగుతుందట ఈ బల్లలో. రెండోవాళ్ళు తమ వంతు వచ్చేదాకా తలకిందులుగా చూస్తూ కూర్చోవాలి.

గడ్డం బాగా ఆడుతున్నాడు. ఎడమ చెయ్యి అలవాటుగా వెనక్కి పోయింది. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని, అతను త్వరగా ఓడిపోవాలని కోరుకుంటూ కూర్చున్నాను.