ఇరవై ముగ్గురి గుట్టు

ఆ మెయిల్ వచ్చేసరికి రూతు ఇంకా టిఫిన్ గూడా తినలేదు. నంద్యాలలో ఆ టీబీ ట్రస్టు ఆఫీసంటే రెండు గదులు, ఒక బీరువా, ఒక కంప్యూటరు, దాని ముందర రూతు. అంతే. మొగుడు పోయి నాలుగేండ్లయింది. పిల్లల్లేరు. మొగుని సమాధి మీద రాయి పెట్టిన దినం నుంచి అత్తగారి తరపు వాళ్ళు ఆమెను పలకరించిన పాపాన పోలేదు.

మరి మాట్లాడేదానికి ఎవరుండారంటే, ఆళ్లగడ్డలో ఇరవై ముగ్గురు శిల్పులు. నిజంగానే. దినామూ పొద్దున ఒక్కొక్కరికీ ఫోన్ చేసి "మాత్ర ఏసుకున్యావా అన్నా?" అని అడగడం ఆమె పని. వాళ్ళు ఏసుకున్యామని ఊరుకోరు. వాన పడిందా లేదా, మేస్త్రి ఏమని తిట్టినాడు, ఇంట్లో ఏం కూర, అన్నీ చెప్పాల్సిందే. ఆ రెండు గంటలు అయిపోతే రూతు మళ్ళా నోరు తెరిచేది మర్నాడే.

వాళ్ళ టీబీ సంగతి పనికాడ ఎవరికీ తెలియకూడదు. దేవుని విగ్రహం చెక్కే మనిషికి టీబీ అంటే చేతిలో ఉలి లాక్కుంటారు. కొన్నాళ్ళు మందు పడితే ఇంగ ఎవరికీ అంటుకోదని ఎంత మొత్తుకున్నా వినేదెవరు? అందుకే కంప్యూటర్లో పేర్లు ఉండకూడదు, మనిషికొక వరస నంబరు, ఫోన్ నంబరు మాత్రమే ఉండాలని ట్రస్టు కట్టడి.

కట్టడి బాగానే ఉండాది. అయితే అహోబిలం స్వామి పుణ్యమా అని ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఎవరిని పిలిచినా ఒబులేసే! ఇరవై ముగ్గురిలో ఏడుగురు ఒబులేసులు. ఒకసారి ఆళ్లగడ్డలో మాత్రలిచ్చే సెంటర్లో ఒక ఒబులేసు మాత్రలు ఇంకో ఒబులేసుకు ఇచ్చేసినారు. పాపం ఆ మనిషి రెండు దినాలు వాంతులతో అల్లాడినాడు. అప్పుడు రూతు, ఎవరూ చెప్పకుండానే, నంబర్ల పక్కన గుర్తులు రాసింది. 'నందులు చెక్కే ఒబులేసు, బస్టాండు వెనక, మెల్లకన్ను.' 'ఇద్దరు పెండ్లాల ఒబులేసు, చిన్నామె ఇంట్లో ఉంటాడు.' దీనికన్నా పేరు రాసింటేనే నయం. ఊర్లో చిన్నపిల్లోడు చదివినా ఆ మనిషిని వేలు పెట్టి చూపిస్తాడు.

ఇవన్నీ ఉండేది ఆఫీసు కంప్యూటర్లో కాదు. యాడనో ఒక పెద్ద కంపెనీ అద్దెకిచ్చే డేటాబేస్‌లో. కాపలా అంతా మాదే, మీరు నిశ్చింతగా ఉండండి అని చెప్పి ఇచ్చినారు. ఇప్పుడేమో మెయిల్. మా సిస్టంలో ప్రమాదకరమైన లోపం బయటపడింది, ఒకరి డేటాబేస్ తెరిచే పాస్‌వర్డు, అదే తాళంచెవి, ఇంకొకరికి చిక్కే అవకాశం ఉండింది, లోపం సరిచేసినాం, మీరు వెంటనే తాళంచెవి మార్చుకోండి. ఎన్నాళ్ళ నుంచి అట్ల ఉండింది, ఎవరు చూసినారు అనేది మాత్రం లేదు. ఎంత తీరిగ్గా చెప్పినారో చూడండి!

తాళంచెవి మార్చడానికి ఎనిమిది నిమిషాలు పట్టింది. పాతది ఇంగ పనిచెయ్యదు. లోపలికి ఎవరెవరు వచ్చిపోయినారో చూద్దామంటే, ఆ రికార్డు పెట్టే ఏర్పాటు వీళ్ళు మొదట్నుంచీ తీసుకోనే లేదు. రూతు ట్రస్టు పెద్ద రామకృష్ణ సారుకు ఫోన్ చేసింది.

"తాళంచెవి మార్చినావా?"

"మార్చినా సార్."

"మరింకేందీ?"

"అంతకు ముందే ఎవరన్నా చూసింటే?"

"చూసినట్లు సాక్ష్యముందా?"

"చూడనట్లు గూడా లేదు సార్."

"నువ్వు గమ్మునుండు. ఆళ్లగడ్డ సెంటర్ కంప్యూటర్లో కొత్తది పెట్టేసి రా. వాళ్ళకు చెప్పినావంటే రేపట్నుంచి ఒక్కడూ నీ ఫోనెత్తడు."

ఆ ఆఖరి మాట ఆమెకు సూటిగా తగిలింది. ఆళ్లగడ్డ బస్సెక్కి, దారిలో సిరివెళ్ల దాటేదాకా సారు చెప్పిందే సరి అనుకునింది. చెప్పకుంటే ఏం పోతుంది? ఎవరో చూసినారో లేదో తెలియని దానికి వాళ్ళను బెదరగొట్టడం ఎందుకు? ఇట్లా తనకు తానే నచ్చజెప్పుకునింది. అసలు సంగతి వేరే. వాళ్ళు ఫోనెత్తకుంటే ఆమెతో మాట్లాడే మనిషి ఈ భూమ్మీద లేడు. అది తలుచుకుంటే భయమేసింది, భయమేసినందుకు సిగ్గేసింది.

సెంటర్లో కొత్త తాళంచెవి పెట్టగానే శిల్పుల జాబితా తెరుచుకునింది. మొదటి వరసలోనే నందులు, బస్టాండు, మెల్లకన్ను. లోపం కంపెనీదే కావచ్చు, ఈ రాతలు మాత్రం తనవి. ఆ ఒబులేసుకు ఫోన్ చేసి బస్టాండు కాడ చెరుకురసం బండి దగ్గరికి రమ్మనింది.

ఒబులేసు ఒళ్ళంతా రాతి దుమ్ముతో వచ్చినాడు. అంతా విన్నాడు.

"నంబరే గదా ఉండేది?"

"నంబరు పక్కన నేను గుర్తులు రాసినాన్నా." ఏం రాసిందో చదివి వినిపించింది.

"ఎవరు రాయమన్యారు?"

"ఎవరూ చెప్పలా. మళ్ళా మాత్రలు మారిపోతాయేమోనని…"

ఒబులేసు అరిచేతుల దుమ్ము దులుపుకున్యాడు. "మంచికే రాసింటావులే మ్మా. మొన్ననే మేస్త్రి గర్భగుడి విగ్రహం నా చేతికిచ్చినాడు. పదేండ్ల నుంచి కాసుకోనుండా దానికోసం." గ్లాసు పక్కకు నెట్టినాడు. "తీసెయ్. ఆ గుర్తూ తీసెయ్, నా ఫోన్ నంబరూ తీసెయ్. ఇంగ నాకు ఫోన్ చెయ్యాకు."

"మరి మాత్రలు?"

"ఏసుకుంటా. సెంటర్ నాకు తెలీదా?"

చెరుకురసం తాగకుండానే ఎల్లిపోయినాడు.

మిగిలిన ఇరవై ఇద్దరికీ రెండు దినాల్లో చెప్పింది. కొందరు తిట్టినారు, కొందరు మాట మధ్యలోనే పెట్టేసినారు. ఉంచమ్మా అన్నవాడు ఒక్కడు లేడు. రూతు ఒక్కొక్క గుర్తూ, ఒక్కొక్క ఫోన్ నంబరూ తుడిచేసింది, తన ఫోన్లోనివి గూడా. సారు చెడామడా తిట్టినాడు, పడింది. మూడో దినం పొద్దున పదిగంటలకు చెయ్యి దానంతటదే ఫోన్ మీదికి పోయింది. చెయ్యడానికి ఎవరూ లేరు. ఏడుపొచ్చింది, ఏడ్చింది. ఎందుకేడుస్తాండావని అడిగేదానికైనా ఎవరుండారు గనక!

ఎనిమిది దినాలైనాక ఏదో తెలియని నంబరు నుంచి ఫోన్ మోగింది. ఎత్తితే మాట లేదు. అటుపక్క ఎవరో చిన్నగా దగ్గినారు.

"మాత్ర ఏసుకున్యావా అన్నా?" అనింది రూతు.

"నేనని ఎట్ల తెలిసింది?" ఒబులేసు గొంతులో బెదురు. "తీసెయ్యలేదా నువ్వు?"

"తీసేసినా. నీ దగ్గు నాకు తెలీదా అన్నా?"

రూతే మళ్ళా అడిగింది.

"తగ్గినట్లుండాదే?"

"తగ్గింది. నిద్ర పడతాండాది." ఆగినాడు. "ఇది పక్కింటోళ్ళ ఫోను. ఈ నంబరు గూడా యాడా రాసుకోవాకు."

"రాసుకోను."

పెట్టేసినాడు. రూతు మధ్యాహ్నం దాకా ఫోన్ ముందర పెట్టుకోని కూర్చునింది. మిగిలిన ఇరవై ఇద్దరిలో ఒక్కరూ చెయ్యలేదు.