కాలమ్ మీద కాగితం

వైకుంఠరావు కుర్చీలో ముందుకు వంగి, టేకు స్కేలును కంప్యూటరు తెరకు ఆనించి, ఒక్కో గడీ చదువుతున్నాడు. కింద బట్టీలో కాలుతున్న జీడిపిక్కల పొగ కిటికీలోంచి వచ్చి ఎప్పటిలాగే ఆ మేడగదిలో ఆగిపోయింది.

పలాసలో అతను నడిపిన టైపు ఇన్‌స్టిట్యూట్ మూతపడినప్పుడు ఇంటికి తెచ్చుకున్నది ఆ స్కేలు ఒక్కటే. చేతిరాత కాగితం మీద స్కేలు జరుపుకుంటూ టైపు కొట్టడం అలవాటైన మనిషి. అది లేకపోతే ఇప్పటికీ అతని చూపు పక్క వరుసలోకి జారిపోతుంది. తెర గాజు మీద అడ్డంగా సన్నటి గీతలు కూడా పడ్డాయి.

ఉద్దానం ఊళ్లలో కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో తేల్చడానికి ఏళ్లుగా ఎవరెవరో వచ్చారు. రక్తాలు తీశారు, బావినీళ్లు సీసాల్లో పట్టుకెళ్లారు, వ్యాసాలు రాశారు. డాక్టర్ గణపతిరావు ఈ మేడగదిలో వైకుంఠరావు చేత ఆ వ్యాసాలన్నిటిలోని వివరాలనూ ఒక పట్టికలోకి చేర్పిస్తున్నాడు. ఒక్కో పరిశోధనకు ఒక వరుస. ఏ ఊరు, ఏ ఏడు, ఏ నీళ్లు, ఎంతమందికి జబ్బు, ఇలా ఒక్కోదానికి ఒక కాలమ్. అన్నిటికంటే చివర ‘మధ్యలో తప్పుకున్నవారు’.

“రేపు విశాఖ నుంచి పెద్ద డాక్టర్లు వస్తున్నారు వైకుంఠరావుగారూ,” అన్నాడు గణపతిరావు నిన్న. “ఇంత పొడుగు పట్టిక చూస్తే విసుక్కుంటారు. ఆ చివరి కాలమ్ దాచేయండి. సగం గడులు ఖాళీయే కదా.”

సగం ఖాళీయే. కానీ వజ్రపుకొత్తూరు దగ్గర తమ ఊళ్లో చేసిన పరిశోధన వరుసలో ఆ గడి ఖాళీగా లేదు. మొదటిసారి రక్తం తీసినప్పుడు అతని భార్య జగదాంబ జీడితోటలో బల్ల మీద కూర్చుని, సూది చూసి కళ్లు మూసుకుని నవ్వింది. రెండోసారి వాళ్లు వచ్చేసరికి ఆమె లేదు. వ్యాసంలో ఎవరి పేరూ ఉండదు. ఆ అంకెలో మాత్రం ఆమె ఒకటి.

హిమజ వచ్చి చెప్పులు విడుస్తూ తెర వైపు చూసింది. వాళ్ల ఊరి పిల్లే. పక్క బల్ల దగ్గర పని. తెర కుడి అంచున పైనుంచి కిందికి తెల్ల కాగితం అంటించి ఉంది.

“ఏటి మావా, తెరకి కట్టు కట్టీసినావు? దెబ్బ గాని తగిలిందేటి?”

“డాక్టరుగారు దాసీమన్నారు కదా.”

“దాసీడమంటే కాయితం అంటించీడమా? ఇక్కడ నొక్కితే పోద్ది.”

“పోద్దనే కదా నొక్కనేదు,” అన్నాడు అతను. ఏ వరుస దగ్గర స్కేలు ఆగి ఉందో హిమజ అప్పుడు చూసింది. ఆ పిల్ల మరి నవ్వలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుంది.

“పోదు మావా. ఇటు సూడు.”

కాగితం ఊడదీసి, కాలమ్ పేరు పక్కనున్న గుర్తు తీసేసింది. కాలమ్ మాయమైంది. వైకుంఠరావు స్కేలును రెండు చేతులా పట్టుకున్నాడు. మళ్లీ గుర్తు పెట్టగానే కాలమ్ అంకెలతో సహా తిరిగొచ్చింది.

“సూసినావా, ఒక్క అంకె తగ్గలేదు. ఎవులికి ఏది కావాలో అదే కనపడేలాగ పెట్టి, పేరెట్టి ఉంచుకోవొచ్చు. డాక్టరుగారికొకటి, నీకొకటి.”

“మల్లీ ఒకపాలి దాసు.”

ఆమె దాచింది, తెచ్చింది. తర్వాత అతనే దాచి, తెచ్చి చూసుకున్నాడు. డాక్టరుగారి పట్టిక సిద్ధమయ్యాక తనది మొదలుపెట్టాడు. చివరి కాలమ్‌ను ఊరి పేరు పక్కకు లాగి, మిగిలినవన్నీ దాచేశాడు. ఊరు, తప్పుకున్నవారు. అంతే.

“పేరేటి పెట్టమంటావు?”

“నా పేరెట్టీ. ఆవిడి పేరెడితే డాక్టరుగారు అడుగుతారు.”

విశాఖ డాక్టర్లు మధ్యాహ్నం వచ్చి, పట్టిక చూసి, కొబ్బరినీళ్లు తాగి వెళ్లారు. చివరి కాలమ్ సంగతి ఎవరూ అడగలేదు. ఒకాయన మాత్రం గాజు మీది జిగురును గోటితో గీకి, ఇదేమిటన్నాడు. “మా వైకుంఠరావుగారి పద్ధతులు వేరులెండి,” అని గణపతిరావు నవ్వేశాడు.

సాయంత్రం వైకుంఠరావు చెప్పుల్లో పాదాలు దూర్చడానికి అవస్థపడుతుంటే హిమజ చూసింది.

“కాళ్లు నీరుపట్టినాయి మావా.”

“కూకుంటే అంతే.” రెండో చెప్పు తొడుగుతూ అడిగాడు. “మనూళ్లో మొన్న ఏసవిలో నాకూ రక్తం తీసినారు కదా, కొత్తోళ్లు. రెండోపాలి ఎప్పుడంట?”

“వానలయ్యాక.”

“ఎల్లాలి. మానీకూడదు,” అని మెట్లు దిగాడు.

వానలు తగ్గకముందే అతను విశాఖ ఆసుపత్రిలో పోయాడు.

ఆ కొత్తవాళ్ల వ్యాసం గదికి చేరేసరికి ఏడాది దాటింది. దాని వరుసంతా హిమజ ఎక్కించింది. చివరి గడిలో అంకె కొట్టి, వైకుంఠరావు పేరున్న పట్టిక తెరిచింది. వాళ్ల ఊరి పేరు ఇప్పుడు రెండు వరుసల్లో ఉంది, రెండింటి పక్కనా అంకె ఉంది. స్కేలు ఆనించి, వ్యాసంతో సరిచూసి, తిరిగి పెట్టేసింది.

తెర కింద, అతను పెట్టే చోటే ఉంది టేకు స్కేలు. దాని ఒక కొనకు, తెర మీద అంటించిన ఆ కాగితం జిగురు ఇంకా అంటుకునే ఉంది.