స్టెంటులో నొక్కు

మామగారికి గుండెపోటు వస్తే బల్ల ఎక్కించింది నేనే. గుండె నాళాల్లో స్టెంట్లు వేసే ఈ పని నాకు నేర్పింది ఆయనే. అందుకని కోడలి చెయ్యి తప్ప పరాయి చెయ్యి పడనివ్వనని భీష్మించుకున్నారు. ఇంట్లోనే కాదు, ఆసుపత్రిలోనూ నేను ఆయన మాట ఎన్నడూ దాటలేదు.

మత్తు, గొట్టం దూర్చిన మణికట్టు వరకే. మనిషి పూర్తి మెలకువలో ఉండి, తెర వైపు మెడ తిప్పి తన కేసు తానే నడుపుతున్నారు. స్టెంటు కూర్చుంది. రంగు మందు ఎక్కించి ఎక్స్‌రేలో చూస్తే రక్తనాళం నున్నగా కనిపించింది.

"బాగుంది. ఇక తీసెయ్ అమ్మాయ్."

"ఒక్కసారి లోపలికెళ్ళి చూస్తాను మామయ్యా."

"గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించిందట. నా కళ్ళు చాలవా?"

నాకు ఒళ్ళు మండింది. బల్ల మీద పడుకున్నా పెద్దరికం పోదు ఈయనకి. కొసన అల్ట్రాసౌండ్ ఉన్న సన్నటి గొట్టాన్ని నాళంలోకి పంపి మెల్లగా వెనక్కి లాగాను. గుండ్రంగా వస్తున్న స్టెంటు ఒకచోట నొక్కుకుపోయి కనిపించింది. దాని పక్కనే నాళం గోడలో కాల్షియం పేరుకుని సున్నం రాయిలా గడ్డకట్టి ఉంది. అలాగే వదిలేస్తే అక్కడ రక్తం గడ్డకట్టి స్టెంటు మూసుకుపోతుంది. ఈసారి మనిషి దక్కరు.

"గట్టి బెలూన్ ఇవ్వు. మూడున్నర మిల్లీమీటర్లది," అన్నాను నర్సుతో, నొక్కును లోపలి నుంచి ఒత్తి విప్పడానికి.

"మూడు చాలు. నాళం చిరిగిందంటే నేను పోతాను." ఆయన గొంతులో పెద్దరికం లేదు, భయం ఉంది.

"లోపలి కొలత మూడున్నర ఉంది. కదలకండి."

ఒత్తిడి పెంచుతుంటే ఆయన నొప్పికి పళ్ళు బిగించారు. బీపీ జారుతోంది. నా పైప్రాణాలు పైనే పోతున్నాయి. సున్నం లొంగలేదు. ఇంకొంచెం పెంచమన్నాను. బెలూన్ నడుములోని నొక్కు ఒక్కసారిగా విచ్చుకుంది. పగిలింది సున్నమో, చిరిగింది నాళమో తెలియలేదు. వెంటనే రంగు మందు ఎక్కించాను. ఎక్కడా బయటికి కారలేదు. మళ్ళీ గొట్టం పంపి చూశాను. స్టెంటు అంతటా గోడకు ఆనుకుని ఉంది.

"గండం గడిచింది మామయ్యా."

ఆయన నొక్కున్న ముందటి బొమ్మనీ ఇప్పటి బొమ్మనీ పక్కపక్కన పెట్టించుకుని చాలాసేపు చూశారు.

"నేను వేసిన స్టెంటు మూసుకుపోయి తిరిగొచ్చి, మన చేతుల్లోనే చనిపోయాడే, ఆ బస్సు డ్రైవరు గుర్తున్నాడా? మందులు ఎగ్గొట్టబట్టే మూసుకుపోయిందని వాళ్ళావిడ ఎదుటే తిట్టాను. ఒక్క పూట కూడా మానలేదని ఒట్టేశాడు."

ఆయన కంటి కొసల నుంచి నీళ్ళు చెవుల్లోకి జారుతున్నాయి. తుడుచుకుందామంటే చెయ్యి కదపకూడదు.

"వాడు మానలేదు అమ్మాయ్."